మత్స్యయంత్రమును ధ్రువోన్నతియు

క్రీస్తుశకము 2వ శతాబ్దమున యవనభూగోళవేత్త టాలెమీ రచించిన గ్రంథమున కృష్ణా గోదావరీ ముఖముల చెంతనున్న తీరము ‘మైసోలియా’ యను పేర చెప్పఁబడినది. స్వర్ణభూమికి పోవు నోడలు దరి విడిచి నడిసముద్రమునకు మరలు తావొకటి ఆ ప్రాంతముననే కలదని యతఁడు వ్రాసి, ‘బయలుదేఱుచోటు’ అను నర్థముగల యవనపదమునే దానికి పేరుగా నుంచెను. దరి కంటికానుచుండఁగా తీరము వెంట నోడ నడపుట యొక విద్య. నీరును మిన్నును దప్ప వేఱొకటి కానరాని చోట దారి తప్పక పోవుట వేఱొక విద్య. శాతవాహనుల కాలముననే తెలుఁగుతీరమున ఈ రెండవ విద్య యుండెనని టాలెమీ వ్రాఁత వలనను, రెండు తెఱచాపకంబములుగల యోడబొమ్మతో నున్న యజ్ఞశ్రీశాతకర్ణి నాణెముల వలనను స్పష్టమగుచున్నది.

ఆ విద్యకు సాధనమేది యని యడిగినచో ఈ కాలమున పలువురు తడవుకొనక చెప్పు ప్రత్యుత్తరము ‘మత్స్యయంత్రము’ అని. నూనెపాత్రలో తేలుచు ఉత్తరమును చూపు ఇనుపచేఁప ప్రాచీనహిందువుల దిక్సూచి యని వారి వాదము. ఈ మాట సరియైనదా, కానిచో మన నావికులకు నిజముగా తోడ్పడినదేది యను రెండు విషయములు విచారింపఁదగియున్నవి. సముద్రపు గాలి సోఁకని కందనవోలు, కడప సీమలకు ఈ చర్చతో పని యేమని చదువరులకు తోఁపవచ్చును. పని కలదు. ఓడవాఁడు నడికడలిలో కొలిచిన కోణమునే ఆ సీమలలోని సిద్ధాంతి తన ముంగిట శంకువు నాటి కొలుచుచుండెను.

మొదట కోశమును చూతము. అమరసింహుఁడు వారివర్గమున నౌకాసంబంధములగు పదములను శ్రద్ధతో కూర్చినాఁడు. నౌ, తరణి, తరి యని యోడకును, ఉడుపము, ప్లవము, కోలము అని తెప్పకును, కూపకము, గుణవృక్షకము అని తెఱచాపకంబమునకును, క్షేపణి యని తెడ్డునకును, అరిత్రము, కేనిపాతకము అని చుక్కానికిని పేరులు గలవు. ఓడలోనికి వచ్చిన నీటిని తోడిపోయు సేకపాత్రమును, అభ్రి యను కొయ్యపాఱను సైతము అతఁడు మఱవలేదు. నీరు తోడు పాత్రను మఱవని కోశకర్త, దిక్కు తెలుపు యంత్రమే యుండినచో దానిని విడుచునా? కోశమున లేనిదెల్ల లోకమున లేదని సిద్ధాంతీకరింపరాదు గాని, ఈ విడుపు గమనింపఁదగినది.

అతఁడు యంత్రమును చెప్పలేదు, మనుష్యులను చెప్పెను. సాంయాత్రికుఁడు పోతవణిజుఁడు. సంయాత్ర యనఁగా ద్వీపాంతరగమనము. అది ప్రయోజనముగాఁ గలవాఁడని ఠఞ్ ప్రత్యయము. కర్ణధారుఁడు చుక్కాని పట్టువాఁడు. నియామకుఁడు పోతవాహుఁడు. నిపూర్వకమగు యమధాతువు నుండి పుట్టిన ఈ కడపటి పదము పాలిభాషలోను ఓడకు దారి చూపువానికే చెల్లినది. దిక్కు తెలియుట యనునది యొక వస్తువునందు గాక యొక మనుష్యునియందుండెనని దీనివలన తోఁచుచున్నది. ఆర్యశూరుని జాతకమాలలోని సుపారగుని వర్ణన దీనికి సాక్ష్యము. అతఁడు నక్షత్రగతులెఱిఁగినవాఁడు, చేఁపలను, నీటివన్నెను, అడుగుమంటిని, పక్షులను, బండలను చూచి తావును గుర్తించువాఁడు. ముదిమి వచ్చి చూపు తగ్గినను వర్తకులు అతనిని బ్రతిమాలి యోడనెక్కించుకొని పోయిరి. దీఘనికాయములోని కేవద్ధసుత్తమున వర్తకులు ఓడపై తీరదర్శి యను పక్షిని కొనిపోవుట చెప్పఁబడినది. దరి కానరానపుడు దానిని వదలుదురు. నేల కనఁబడిన దిక్కునకది పోవును. లేనిచో ఓడకే మరలి వచ్చును. 5వ శతాబ్దారంభమున సింహళము నుండి సముద్రముమీఁదుగా స్వదేశమునకు మరలిన చీనాయాత్రికుఁడు ఫాహియాను, సూర్యచంద్రనక్షత్రములే ఓడవారికి గుఱుతులనియు, మబ్బు పట్టినపుడు గాలి కొట్టినట్లు పోవుటయే కాని వేఱు దారి లేదనియు వ్రాసినాఁడు. ఆ యోడలో ఇనుపచేఁప యుండినచో ఈ మాట వ్రాయవలసిన పని యుండదు.

ఇఁక మత్స్యయంత్రపదము. రాధాకుముద ముఖర్జీ 1912లో ఆంగ్లమున ప్రకటించిన భారతనౌకాచరిత్రమున ఇది కనఁబడును. అచ్చట చూపఁబడిన యాధారము ‘మచ్ఛయంత్రము’ అను పదము. ఆ పదమునకు మూలము 19వ శతాబ్దమున మోల్స్‌వర్తు కూర్చిన మరాఠీ నిఘంటువు. మచ్ఛ యనునది మత్స్యశబ్దమునకు ప్రాకృతరూపము. 19వ శతాబ్దమున దేశభాషలో ఓడదిక్సూచికి ఆ పేరుండెననుటకు ఇది చాలును. అంతకు వేయి యేండ్లకు ముందు ఆ వస్తువు మనదై యుండెననుటకు ఇది చాలదు. పరదేశము నుండి వచ్చిన వస్తువునకు స్వభాషలో పేరు పెట్టుకొనుట లోకమున నిత్యము జరుగుచుండునదియే కదా.

మఱి మన శాస్త్రములలో దిక్కునకును చేఁపకును సంబంధమే లేదా? కలదు. ఒకటి కాదు, రెండు కలవు. పొరపాటునకు తావిచ్చునవియు అవియే.

మొదటి చేఁప గీఁతలలోనిది. సూర్యసిద్ధాంతమున త్రిప్రశ్నాధికారమున దిక్సాధనము చెప్పఁబడినది. నీటితో మట్టము చూచిన సమభూమిపై వృత్తము గీచి, నడుమ 12 అంగుళముల శంకువును నిలుపవలెను. ఉదయమున నీడకొన వృత్తములోనికి వచ్చిన చోటను, అపరాహ్ణమున వెలికి పోయిన చోటను గుఱుతులు పెట్టవలెను. ఆ రెంటిని కలిపినది పూర్వాపరరేఖ. పిమ్మట ఆ బిందువులు కేంద్రములుగా రెండు చాపములు గీచినచో అవి యొకదాని నొకటి ఖండించి నడుమ చేఁప యాకారమేర్పడును. దాని తలనుండి తోఁకకు గీచినది దక్షిణోత్తరరేఖ. ఈ యాకారమునకే తిమి, మత్స్యము అని జ్యోతిషమున సంకేతము. ఇందు ఇనుమును లేదు, నూనెయును లేదు. దిక్సాధనప్రకరణమున ‘మత్స్యము’ కనఁబడినంతనే దిక్సూచి దొరకెనని సంతసించువారు ఒకసారి దారమును పట్టి ఆ వృత్తములను గీచి చూచుట మేలు.

రెండవ చేఁప మింటిలోనిది. ధ్రువుని చుట్టు తిరుగు చిన్ననక్షత్రముల గుంపునకు ధ్రువమత్స్యమని పేరు. 15వ శతాబ్దమున పద్మనాభుఁడు రచించిన ధ్రువభ్రమయంత్రమున, పలకకుఁ గల సన్నని చీలిక గుండ ఆ మత్స్యపు ముఖపుచ్ఛములందలి రెండు తారలను చూచి రాత్రికాలమును తెలిసికొను విధము కలదు. యంత్రమును కలదు, మత్స్యమును కలదు, ఉత్తరదిక్కును కలదు. ఐనను ఇది కాలము తెలుపునదే కాని అయస్కాంతయంత్రము కాదు.

అయస్కాంతము మనవారికి తెలియదని దీని భావము కాదు. అది యినుమును లాగునను విషయము కాళిదాసు కుమారసంభవముననే యుపమానమైనది. భోజుని పేర నున్న యుక్తికల్పతరువు, సముద్రపు బండలలోని అయస్కాంతము లాగునను భయమున, సముద్రయానము చేయు నోడల పలకలను ఇనుముతో బంధింపరాదని నిషేధించినది. (మన తీరపు మసూలా పడవలు నారత్రాటితో కుట్టఁబడుటకు అసలు కారణము వేఱు; కుట్టిన పడవ కెరటపు దెబ్బకు వంగి నిలుచును, మేకులు కొట్టినది విచ్చిపోవును.) ఇనుమును లాగునని తెలియుట యొకటి, వ్రేలాడఁదీసినను తేల్చినను ఉత్తరమునకు తిరుగునని తెలియుట మఱొకటి. మొదటిదానికి మన గ్రంథములు సాక్ష్యమిచ్చును. రెండవదానికి తొలిసాక్ష్యములు చీనావారివి. 1044 నాఁటి వారి యుద్ధశాస్త్రగ్రంథమున నీటిపై తేలు ఇనుపరేకుచేఁప వర్ణింపఁబడినది. 12వ శతాబ్దారంభమునకు సూది యోడలకెక్కినది. 1282లో అరబ్బీభాషలో గ్రంథము వ్రాసిన బైలకు అను నతఁడు, 1242లో సిరియాసముద్రమున నోడవారు సూదిని నీటిపై తేల్చుట తాను చూచితిననియు, హిందూసముద్రపు నావికులు బోలుగానున్న ఇనుపచేఁపను వాడుదురని వింటిననియు చెప్పినాఁడు. ఇదియే మూఁడవ చేఁప. హిందూసముద్రమునకు అది వచ్చినమాట నిజము. వచ్చినకాలము 13వ శతాబ్దమునకు చేరువ.

సరిగా అదే కాలమున తెలుఁగుతీరమున మోటుపల్లి వెలసియుండెను. శకవర్షము 1166 (క్రీ. శ. 1244-45)లో కాకతీయ గణపతిదేవుఁడు అచ్చట నెలకొల్పిన అభయశాసనము చదువఁదగినది. పూర్వరాజులు గాలి తాఁకిడికి దారి తప్పి యొడ్డున పడిన యోడలలోని బంగారము, ఏనుఁగులు, గుఱ్ఱములు, రత్నములు మొదలగువానిని బలాత్కారముగా హరించుచుండిరనియు, ప్రాణముకంటెను ధనమే గొప్పదని యెంచి సాహసించి కడలి దాఁటి వచ్చువారిని కరుణించి, క్లుప్తమగు సుంకము దప్ప తక్కినదంతయు వారికే విడిచితిమనియు దాని తాత్పర్యము. ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొకపాలు సుంకము. దారి తప్పిన యోడ వాని చరిత్రలో నరుదైన విపత్తు కాదు, రాజశాసనము వేయించునంతటి నిత్యవిషయమని దీనివలన తెలియును. దిక్కును తావును తెలియుట వర్తకునకు సర్వస్వము నిలుచుటయో పోవుటయో యను ప్రశ్న.

ఆ యోడలకెక్కిన సరకులో మెట్టసీమ సరకును కలదు. 13వ శతాబ్దాంతమున మార్కోపోలో ‘ముత్ఫిలి’ యని వ్రాసినది ఈ మోటుపల్లినే. అక్కడి దేశమున కొండలలో వానలు కురిసి వెల్లువలు పాఱిన పిమ్మట వజ్రములు దొరకునని యతఁడు చెప్పినాఁడు. కందనవోలు సీమలో రామళ్లకోట, కడపచెంత పెన్నయొడ్డున చెన్నూరు వజ్రపుగనులకు ప్రసిద్ధములు. తొలకరి వానలు పడఁగానే తుగ్గలి, జొన్నగిరి పొలములలో జనులు వంగి వజ్రములను వెదకుట నేఁటికిని కలదు.

ఇనుపచేఁప మోటుపల్లి యోడలలో నుండెననియే యనుకొందము. అది దిక్కును చెప్పును, తావును చెప్పదు. పడమరకు పోవుచున్నామని తెలిసిన నావికునకు, తాను పోయి తాఁకునది మోటుపల్లియో, దానికి దక్షిణముననున్న నెల్లూరి తీరమో తెలియవలెను. దానికి కావలసినది అక్షాంశము.

అక్షాంశమును మన సిద్ధాంతులు పలభ యను పేర కొలుతురు. విషువద్దినమున మధ్యాహ్నమున 12 అంగుళముల శంకువునకు పడు నీడయే పలభ. కందనవోలు అక్షాంశము 15 అంశల 50 కలలు. దాని పలభ 3 అంగుళముల 24 వ్యంగుళములు. కడప అక్షాంశము 14 అంశల 28 కలలు. పలభ 3 అంగుళముల 6 వ్యంగుళములు. ఈ పలభను పదిచేతను, ఎనిమిదిచేతను, మూఁడున్నొకటి బై మూఁటిచేతను గుణించి చరఖండములు కట్టనిదే ఆ యూరికి సూర్యోదయము తేలదు. కాఁబట్టి పంచాంగము గుణించు ప్రతివానికిని ఇది కంఠస్థమగు సంఖ్య.

ఇప్పుడు ఓడకు పోవుదము. హిందూసముద్రపు నావికుల చేత నుండినది యొక చిన్న కొయ్యపలకయు, దాని నడుమ కట్టిన ముడుల త్రాడును. అరబ్బులు దానిని ‘కమాలు’ అందురు. త్రాటిముడిని పండ్లతో కఱచి, త్రాడు బిగియునట్లు పలకను ముందునకు చాఁచి, పలక క్రిందియంచును క్షితిజరేఖకు తాఁకించి చూతురు. పైయంచునకు ధ్రువుఁడు సరిగా తాఁకినచో ఆ ముడి యే రేవునకు చెందినదో ఆ రేవు అక్షాంశమున ఓడ యున్నదని యర్థము. 1836లో జేమ్సు ప్రిన్సెపు కలకత్తాలో దీనిని వర్ణించెను. 1850లో కాంగ్రీవు అను నతఁడు చెన్నపురి సాహిత్యశాస్త్రపత్రికలో చోళమండలతీరపు నావికుల సాధనములను గూర్చి వ్రాయుచు, ఇట్టి పలకనే, రేవుకొక ముడిగల త్రాటితో, చూపినాఁడు.

ఈ పలకయు సిద్ధాంతి శంకువును రెండు శాస్త్రములు కావు. శంకువున నిలువు 12 అంగుళములు, నేలపై నీడ కందనవోలున 3 అంగుళముల 24 వ్యంగుళములు. ఆ త్రిభుజమునే పరుండఁబెట్టినచో 12 అంగుళముల శంకువు త్రాడగును, పలభ పలక యగును, కర్ణము ధ్రువుని చూచు దృష్టిరేఖ యగును. కోణమొక్కటే. సిద్ధాంతి కోటిని స్థిరముగా నుంచి నీడను మాఱనిచ్చును. నావికుఁడు పలకను స్థిరముగా నుంచి త్రాడును మార్చును. పలక యెత్తు 3 అంగుళములైనచో, కందనవోలు ముడి 10 అంగుళముల 35 వ్యంగుళముల దూరమునను, కడప ముడి 11 అంగుళముల 38 వ్యంగుళముల దూరమునను పడును. రెండు ముడులకును నడుమ ఒక్క యంగుళము!

సముద్రము లేని యూళ్లకు ముడులెందుకందురేమో. మోటుపల్లి అక్షాంశమునకును కందనవోలు అక్షాంశమునకును భేదము పావు అంశకు మించదు. కడపయు నెల్లూరును ఇంచుమించు ఒకే యక్షాంశముననున్నవి. అనఁగా కందనవోలు కోటబురుజుపై నిలిచినవానికి ధ్రువుఁడు ఎంత యెత్తున కనఁబడునో, మోటుపల్లికి మరలు సరంగునకును అంతే యెత్తున కనఁబడవలెను. శ్రీనాథుని హరవిలాసమునకు కృతిభర్తయై, చీనా, సింహళము, హురుముంజి మొదలగు తావుల సరకులు తెప్పించిన అవచి తిప్పయసెట్టి నెల్లూరివాఁడు. అతని యోడవారి ముడి కడప పలభయే.

దీనితో నోడ నడపు విధము సులభము. నడిసముద్రమున ఉత్తరమునకో దక్షిణమునకో పోయి, కోరిన ముడికి ధ్రువుని రప్పింతురు. పిమ్మట ఆ యెత్తు చెడకుండ సరిగా తూర్పునకో పడమరకో పోవుదురు. మోటుపల్లి నుండి ఆ విధముగా తూర్పునకు పోయినచో, బర్మాదేశపు నైరుతికొన ఇంచుమించు అదే యక్షాంశమున నెదురగును. ముడి అరయంగుళము జాఱినచో 75 కిలోమీటరుల మేర తప్పుదురు. అప్పుడు సుపారగుని విద్యయే, అనఁగా సీసపుగుండు వదలి లోఁతును అడుగుమన్నును చూచుటయు, నీటివన్నెయు, పక్షులును శరణ్యము. మొదటి విద్యను రెండవది తోసివేయలేదు.

ఇందొక చిక్కు కలదు. అది సిద్ధాంతికి తగులక నావికునికే తగిలినది. ధ్రుధాతువునకు స్థైర్యమర్థము. ధ్రువుఁడు కదలఁడని పేరే చెప్పుచున్నది. సిద్ధాంతములును ధ్రువోన్నతియే అక్షాంశమని యేకకంఠముగా పలికినవి. ఖగోళధ్రువబిందువు విషయమున అది సత్యము. నేఁడు ధ్రువుఁడని చూపు నక్షత్రము విషయమున కాదు. అయనచలనమువలన ఆ నక్షత్రము ధ్రువబిందువునకు క్రమముగా దగ్గఱవచ్చినది. గణపతిదేవుని కాలమున అది 4 అంశలకు మించి దూరముననుండి, ఆ బిందువు చుట్టు దినమునకొక వృత్తము తిరుగుచుండెను. మోటుపల్లిలో అది యొకప్పుడు సుమారు 11 అంశల యెత్తునను, మఱొకప్పుడు సుమారు 20 అంశల యెత్తునను కనఁబడుచుండెను. వేళ యెఱుఁగక పలక పట్టినవాఁడు మోటుపల్లి ననుకొని సింహళతీరము నెదుట తేలవచ్చును. శంకుచ్ఛాయపై నాధారపడిన సిద్ధాంతికి ఈ భేదము పట్టలేదు. పట్టినను అతని యిల్లు మునుఁగదు.

నావికులు ఏ సిద్ధాంతమును ఖండింపకయే దీనిని సవరించుకొనిరి. 15వ శతాబ్దాంతమున అరబ్బునావికుఁడు ఇబ్నుమాజిదు రచించిన గ్రంథమునను, తరువాతి తరమున వంగసముద్రమార్గములను సైతము వ్రాసిన సులైమాను మహ్రీ గ్రంథములందును, ధ్రువుఁడు తన వృత్తమున అడుగునకు వచ్చిన వేళనే కొలువవలెననియు, తక్కిన వేళలందు ఏ నక్షత్రము నడిమింట నున్నపుడు ఎంత సవరింపవలెననియు కలదు. వారికి చంద్రనక్షత్రములు 28. మన యభిజిత్తును చేర్చిన లెక్కయు నదియే.

వారి కొలమానములలో రెండు పదములు శబ్దజ్ఞులకు వేడుక గొల్పును. ఎత్తును వారు ‘ఇస్బ’ యను మానమున కొలుతురు. ఆ పదమునకు వ్రేలని యర్థము, పరిమాణము సుమారు 1 అంశ 36 కలలు. (సిద్ధాంతి యంగుళము పొడవు, నావికుని వ్రేలు కోణము; పేరు చూచి రెంటిని కలుపరాదు.) వ్రేలునందు ఎనిమిదవపాలు ఎత్తు మాఱుటకు ఉత్తరదక్షిణములుగా పోవు పయనమునకు ‘జాం’ అని పేరు, అదియే మూఁడు గంటల పయనము. దినమునకు ఎనిమిది జాములు, జామునకు మూఁడు గంటలు. సంస్కృతయామశబ్దమే మన తెలుఁగున జామైనట్లు అరబ్బునావికుల నోటను జామైనదని భాషావేత్తలు భావించిరి. శబ్దమును కాలమానమును రెండును కుదురుచున్నందున దీనిని త్రోసిపుచ్చుటకు కారణము కనఁబడదు. ఆ లెక్కను నెల్లూరి ముడి నుండి మోటుపల్లి ముడికి పోవుటకు అనుకూలమగు గాలిలో ఆఱుజాములకు కొంచెము మించును.

రెండవ పదము 1498 నాఁటిది. వాస్కోడగామాను ఆఫ్రికాతీరపు మలిందీ నుండి కోళికోడునకు నడిసముద్రము మీఁదుగా నెలదినములు తిరుగకముందే చేర్చిన నావికుని పోర్చుగీసు చరిత్రకారులు గుజరాతువాఁడనిరి. పేరు ‘మలెమో కన’, ‘కనక’ యని వ్రాసిరి. అది పేరు కాదు. మలెమో యనునది అరబ్బీ ముఅల్లిం, అనఁగా గురువు; తమిళమున ఓడమార్గదర్శికి నేఁటికిని చెల్లు ‘మాలుమి’ యదియే. కనక యనునది గణకశబ్దమని పండితులు గ్రహించిరి. గణ సంఖ్యానే, ణ్వుల్ ప్రత్యయము, లెక్కించువాఁడు గణకుఁడు. కందనవోలున పలభ లెక్కించి చరఖండములు కట్టువానికి ఏ పదము చెల్లుచుండెనో, సముద్రమున ధ్రువుని లెక్కించువానికిని ఆ పదమే చెల్లినది.

గణకులిరువురకును సాధ్యము కాక విడిపోయినది దేశాంతరము. లంకోజ్జయినీరేఖకు తూర్పున కందనవోలు 23 విఘడియల దూరమునను, కడప సుమారు 30 విఘడియల దూరమునను ఉన్నవి. చంద్రగ్రహణము గణితమున వచ్చిన వేళకును కంట కనఁబడిన వేళకును గల యంతరమును బట్టి దీనిని తెలియవలెనని సూర్యసిద్ధాంతము చెప్పినది. ఇంటిలోని సిద్ధాంతి ఘటికాపాత్రను కదలని నీటిలో నుంచి ఆ పని చేయఁగలఁడు. కెరటములపై తూఁగు నోడలో ఆ గిన్నె నిర్ణీతకాలమునకు మునుఁగునా? తూర్పుపడమరల తావును నావికుఁడు పయనించిన జాములను లెక్కించి యూహించుటయే కాని కొలిచి యెఱుఁగుట, ఓడ కదలికకు చెడని గడియారమును ఆంగ్లశిల్పి హారిసను నిర్మింపఁగా 1761లో సముద్రముపై పరీక్షించు వఱకును లేదు. చెన్నపురిలో ఖగోళభూగోళనౌకాయానశాస్త్రముల యభివృద్ధికై కుంపిణీవారు 1792లో వేధశాలను కట్టించిరి. దానికి 58 ఏండ్లు గడచిన పిమ్మట కాంగ్రీవు ఆ తీరముననే చూచి వ్రాసినది, పలకయు, పండ్లతో కఱచి పట్టిన ముడుల త్రాడును.